కొండ లేని సముద్రం

నాన్న మొదటిసారి చెన్నై వచ్చినప్పుడు మెరీనాకు తీసుకువెళ్లాను. సాయంత్రం ఐదు దాటింది. మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, గుర్రాల మీద పిల్లల్ని తిప్పేవాళ్లు, ఇసుకలో క్రికెట్టు ఆడేవాళ్లు. జనమంతా సముద్రం వైపు చూస్తున్నారు. నాన్న ఒక్కడే అల పాదాలకు తగిలేచోట నిలబడి, సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూశాడు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి రెండు మూడు సార్లు తల తిప్పి చూసి, "ఇక్కడ కొండ లేదమ్మా. వీళ్లు ఇంటికి ఎలా వస్తారు?" అని అడిగాడు.

అప్పటికి నేను చెన్నైలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మాది విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట. ఊరి పేరు రాయను, అక్కడ నాన్నను తెలియనివాళ్లు లేరు. ఆ తీరంలో తూర్పు కనుమలు సముద్రం దాకా నడిచివచ్చి ఆగుతాయి. దక్షిణాన యారాడ కొండ డాల్ఫిన్ నోస్ అనే పేరుతో నీళ్లలోకి ముక్కు చాపి ఉంటుంది. తరువాత కైలాసగిరి, ఋషికొండ, తొట్లకొండ, బావికొండ, చివరికి భీమిలి నెత్తిన పావురాలకొండ. వీటన్నిటి వెనక, లోపలికి, సింహాచలం కొండలు. బస్సులో వెళ్లేవాడికి ఇవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే కొండలు. పడవలో ఉన్నవాడికి ఒకదాని వెనక ఒకటి నిలబడే కొండలు. మా నాన్నకు తెలిసిన విద్య అంతా ఈ రెండో చూపులోనే ఉంది.

సముద్రంలో అన్నిచోట్లా చేప ఉండదు. నీటి అడుగున రాతి బండలు ఉన్నచోట నాచు పడుతుంది, చిన్న చేప చేరుతుంది, దాని వెంట పెద్ద చేప వస్తుంది. ఆ బండ పైకి కనిపించదు. నిన్న దొరికిన చోటికి ఈరోజు మళ్లీ వెళ్లాలంటే నీళ్ల మీద గుర్తు పెట్టుకోవడానికి ఏమీ ఉండదు, అందుకని గుర్తు ఒడ్డు మీద పెట్టుకుంటారు. దగ్గరి వస్తువు ఒకటి, దూరపు కొండ ఒకటి. ఒడ్డున ఉన్న తాటితోపు సరిగ్గా తొట్లకొండ శిఖరం కిందికి వచ్చిందనుకోండి, అప్పుడు పడవ ఒక గీత మీద ఉన్నట్టు. ఆ గీత మీద ఎక్కడ ఉన్నామో తెలియడానికి ఇంకో జత కావాలి. ఉత్తరాన భీమిలి పాత లైట్‌హౌసు, దాని వెనక పావురాలకొండ భుజం. రెండు జతలూ ఒకేసారి కుదిరితే బండ సరిగ్గా మన కింద ఉన్నట్టు. పడవ కాస్త ఉత్తరానికి జరిగితే చాలు, తాటితోపు కొండ కింది నుంచి దక్షిణానికి జారిపోతుంది. అది చూసి తెడ్డు వేసి సర్దుకుంటారు.

లోతుకు బార లెక్క. రాయి కట్టిన తాడు దింపి, పైకి లాగేటప్పుడు రెండు చేతులూ చాపి కొలుస్తారు. దూరానికి మునక లెక్క. భూమి గుండ్రం కాబట్టి ఒడ్డు నుంచి దూరం వెళ్లేకొద్దీ ముందు ఇసుక మునుగుతుంది, తర్వాత ఇళ్లు, ఆ తర్వాత తాటిచెట్ల మొదళ్లు, తర్వాత తలలు. కొండలు అన్నిటికంటే చివర మునుగుతాయి. "తోపు మునిగేదాకా వెళ్లాం" అని నాన్న అంటే ఆ రోజు ఎంత దూరం వెళ్లాడో అమ్మకు అర్థమయ్యేది. "కొండ నడుము దాకా మునిగింది" అని ఎప్పుడైనా అన్నాడంటే అమ్మ దీపం దగ్గర ఇంకాసేపు కూర్చునేది.

మా పేటలో ఆడపిల్లల్ని పడవ ఎక్కించేవాళ్లు కాదు. నేను ఈ గుర్తులన్నీ వంటింటి గచ్చు మీద నేర్చుకున్నాను. రాత్రిపూట నాన్న, చిన్నాన్న అన్నాలు తిని, మరునాడు ఎటు వెళ్లాలో మాట్లాడుకునేటప్పుడు చేతికి అందిన సామానుతో తీరం పరిచేవాళ్లు. ఉప్పు జాడీ తొట్లకొండ. చెంబు తాటితోపు. కవ్వం అడ్డంగా పడుకోబెడితే ఎర్రమట్టి దిబ్బలు. నాన్న పీట మీద కూర్చుని ఒక కన్ను మూసి, చెంబును వేలితో అంగుళం జరిపి, "ఇదీ గీత" అనేవాడు. చిన్నాన్న ఒప్పుకోక మళ్లీ జరిపేవాడు. ఉప్పు కావాలని అమ్మ జాడీ తీసుకుంటే, "కొండ ఎత్తుకెళ్లిపోయావేమే" అని ఇద్దరూ ఒకేసారి అరిచేవాళ్లు.

ఆ జాడీని నేను నిజం కొండగా, నీళ్ల మీద నుంచి, ముప్పై నాలుగేళ్ల వయసులో చూశాను. సెలవులకు వెళ్లినప్పుడు చిన్నాన్న తన మోటారు పడవలో నన్నూ నాన్ననూ ఎక్కించుకున్నాడు. తెల్లవారుజామున వెళ్లాం. వెనక్కి తిరిగి చూస్తే మా ఊరు చిన్న గీతలాగా ఉంది, దాని పైన తొట్లకొండ. పొద్దు పొడవగానే ఎర్రమట్టి దిబ్బలు అంటుకున్నట్టు వెలిగాయి. ఆ వరసలో వేరే ఏ రంగూ అంత దూరం కనిపించదు. నాన్న అటే చూపిస్తూ, "మబ్బు పట్టి కొండలు కనిపించనప్పుడు కూడా అది కనిపిస్తుంది. ఆ ఎరుపు చూసుకుని వచ్చేవాళ్లం" అన్నాడు. ముప్పై నాలుగేళ్లపాటు వంటింట్లో కవ్వంగా తెలిసిన వస్తువు అది. నాకు మాట రాలేదు.

ఆ దిబ్బల గురించి తర్వాత చదువుకున్నాను. పదివేల ఏళ్ల లెక్కల్లో వయసున్న ఇసుక. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి దిగి, తీరం చాలా దూరం జరిగినప్పుడు, బయటపడిన నేల మీది ఇసుకను గాలి తెచ్చి కొండల పాదాల దగ్గర పోసిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ రేణువుల్లో ఇనుము ఉన్న ఖనిజాలు గాలికి, వానకు తుప్పు పట్టి ప్రతి రేణువు చుట్టూ ఎర్రటి పూతలా ఏర్పడ్డాయి. కొన్నిచోట్ల దిబ్బ మందం 30 మీటర్ల దాకా ఉంటుంది. వాననీళ్లు దాన్ని కోసి నిట్టనిలువు గోడలుగా, ఇరుకు లోయలుగా మార్చాయి. లోపలికి దిగితే సముద్రపు హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆదిమానవుల రాతి పనిముట్లు కూడా అక్కడ దొరికాయి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు ఎప్పటినుంచో ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరిందని తెలిసినరోజు నేను ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచాను.

మా నాయనమ్మ చెప్పేది వేరు. భీముడు బకాసురుణ్ణి చంపింది భీమిలిలోనే, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందని ఆ ప్రాంతమంతా చెప్పుకుంటారు. నాయనమ్మ అక్కడితో ఆగేది కాదు. రాక్షసుడి నెత్తురు ఇంకిన చోటే ఎర్రమట్టి అయిందని, అందుకే అక్కడ మట్టి ఇంటికి తేకూడదని అనేది. ఈ రెండో ముక్క మరెవరి నోటా నేను వినలేదు. పిల్లలు ఆ ఇరుకు లోయల్లో తప్పిపోకుండా ఆమె కల్పించి ఉంటుంది. ఫలితం మాత్రం గట్టిగా ఉంది. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అక్కడి నుంచి గుప్పెడు మట్టి తీసుకురారు. లారీలతో తవ్వుకుపోయేవాళ్లకు అలాంటి నాయనమ్మ ఒకరు ఉండి ఉంటే బాగుండేది.

మా ఆఫీసు పల్లావరంలో, తోలు సరుకు ఎగుమతి చేసే చోటు. నేను లెక్కలు చూస్తాను. మైసూరుపాకు పంచిన రోజున దిబ్బల ఫోటో చూసి, తూత్తుకుడి వైపు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకామె, "ఇది మా తేరి కదా!" అంది. తిరుచ్చెందూరు దగ్గర కుదిరైమొళి తేరి అని ఉందట, అదే ఎరుపు, అదే ఇసుక. నేను నమ్మలేదు. ఆమె ఫోనులో చూపించింది. రంగు చూసి ఏది ఎవరిదో చెప్పలేకపోయాం. ఎర్రమట్టి దిబ్బలకు చుట్టాలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయని తర్వాత నేను చదివాను. మా ఇద్దరికీ అప్పటిదాకా పలకరింపులే. ఇప్పుడు మధ్యాహ్నం కలిసి తింటాం. ఆమె వంజిరం అంటుంది, మేము కోనాం అంటాం. ఆమె నెత్తిలి, మా నెత్తళ్లు.

తొట్లకొండ సంగతికి మళ్లీ వస్తాను, నాకు దాని మీద మమకారం ఎక్కువ. 128 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. బావి ఉన్న కొండ బావికొండ, పావురాలు వాలే కొండ పావురాలకొండ. మా వాళ్లు ఏ రాజు పేరూ పెట్టలేదు, కంటికి కనిపించినదే పేరు. ఆ తొట్లు ఎవరు తొలిచారో ఊళ్లో ఎవరికీ తెలియదు. 1976లో నౌకాదళం వాళ్లు తమ అవసరం కోసం ఆ ప్రాంతాన్ని పైనుంచి సర్వే చేసినప్పుడు కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. బౌద్ధుల మహాస్తూపం, ప్రార్థన చేసుకునే చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల అన్నీ దొరికాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే, రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ కింద ఓడలు ఆగేవి.

ఇది చదివి నాన్నకు ఫోను చేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మరి ఆ ఓడలవాళ్లకు మాత్రం కొండ కనపడకుండా ఉంటుందా? పైన తెల్లగా స్తూపం కట్టి ఉంటే ఇంకా దూరం కనపడుతుంది" అన్నాడు. స్తూపాలకు సున్నం పూసేవాళ్లన్న సంగతి నాన్నకు ఎవరూ చెప్పలేదు. భిక్షువులు ధ్యానం కోసం కొండ ఎక్కారు, వాననీళ్లు పట్టి తాగడానికి తొట్లు తొలిచారు. అదంతా నిజం. కానీ ఆ స్తూపం మా ఊరి వాళ్ల తాతముత్తాతలకు రాత్రి ఇంటికి దారి చూపి ఉంటుందని నాన్న మాట విన్నాక నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ కొండకు ఎదురుగా ఒడ్డున, మంగమారిపేట దగ్గర, అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి ఉంది. నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళ దాని కింది నుంచి నడిచి వెళ్లవచ్చు. ఇప్పుడు అందరూ ఫోటోల కోసం వస్తున్నారు. చిన్నప్పుడు మేము దాని నీడలో కూర్చుని వలలకు పడిన చిల్లులు కుట్టేవాళ్లం.

దూరపు గుర్తు సింహాచలం. దాన్ని మా ఇంట్లో అప్పన్న కొండ అంటారు. ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేసి, పైకి రాకుండా మీద కొండను వేస్తే, స్వామి దూకి ఆ కొండను పక్కకు తోసి పిల్లవాణ్ణి కాపాడాడని స్థలపురాణం. నాన్న ప్రతి ఏడూ ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేసేవాడు. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక, మధ్యలో సముద్రంలో స్నానం. మోకాళ్లు నొప్పి చేశాక మానుకున్నాడు. మబ్బు పట్టినరోజు తొట్లకొండ కనిపించక, కనిపించక, ఆ వెనక అప్పన్న కొండ ఒక్క క్షణం నీలంగా తేలితే పడవలో నలుగురూ చేతులెత్తి దండం పెట్టేవాళ్లట. దేవుడికా, గుర్తుకా అని అడిగాను. రెండూ ఒకటే అన్నాడు.

మెరీనాలో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు కాశిమేడులో దొరికింది. చేపల రేవు చూస్తానంటే ఆదివారం తెల్లవారుజామున ఆటోలో తీసుకువెళ్లాను. మంచు పెట్టెలు, వేలం కేకలు, కాళ్ల కింద రొయ్యల నీళ్లు. పెద్ద పడవల మీద పనిచేసే కుర్రాళ్లలో సగం మంది మాట వింటేనే తెలిసిపోయింది, శ్రీకాకుళం వైపు వాళ్లు. నాన్న వాళ్ల మధ్య కూర్చుండిపోయాడు. "ఏ ఊరు బాబూ? ఎవరి పిల్లలు?" అని మొదలుపెట్టి గంటసేపు. నేను దూరం నుంచి చూస్తున్నాను. ఆ మూడు వారాల్లో ఆయన ముఖం అంత వెలగడం అదే మొదటిసారి.

కొండ లేకుండా ఎలా వస్తారని వాళ్లనూ అడిగాడు. ఒక కుర్రాడు పడవలోకి వెళ్లి జీపీఎస్ పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. "తాతా, ఇందులో నాలుగు వందల చోట్లు ఉన్నాయి. నొక్కితే దారి చూపిస్తుంది." నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మంచిది, దీనివల్ల పిల్లలు క్షేమంగా వస్తారు అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తుపానులో దారి తప్పి పోయినవాళ్లు మా పేటలో ఉన్నారు.

అప్పుడు పక్కనే వల సర్దుకుంటున్న తమిళ పెద్దాయన ఒకాయన, మా మాటలు ఎంత అర్థమయ్యాయో గానీ, తమిళంలో అందుకున్నాడు. నేను మధ్యలో తెలుగు చేశాను. మాకూ గుర్తులు ఉండేవి అన్నాడు. శాంతోం చర్చి శిఖరం, లైట్‌హౌసు, హార్బరు క్రేన్లు. గాలి తేటగా ఉన్నరోజు వెనక పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్. "అది చిన్న కొండే. కానీ ఉన్నది అదొక్కటే కదా" అన్నాడు. నాన్న తల ఊపాడు. ఇద్దరూ చేత్తో గాలిలో గీతలు గీస్తూ ఇంకాసేపు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత నా అనువాదం వాళ్లకు అవసరం కాలేదు.

ఇంటికి వచ్చాక నాన్న, మా ఊళ్లో ఆ తాటితోపు ఇప్పుడు లేదని చెప్పాడు. ఎవరో కొని చెట్లు కొట్టి, కట్టడాలు లేపారు. లైట్‌హౌసుకు అడ్డంగా మేడలు వచ్చాయి. ఒక కొండ భుజాన్ని మట్టి కోసం తొలిచేశారు. దూరం నుంచి చూస్తే దాని ఆకారమే మారిపోయిందట. "గీత చెడింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. స్తూపం కూలితే పత్రికలో వస్తుంది. గీత చెడితే ఎక్కడా రాదు, అది ఉందని పడవలో ఉన్నవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రాత్రే ఆఫీసు లెక్కల పుస్తకం ఒకటి తీసుకుని నాన్నను కూర్చోబెట్టాను. పదిహేడు చోట్లు చెప్పాడు. దగ్గరి గుర్తు, దూరపు గుర్తు, ఎన్ని బారల లోతు, ఏ నెలలో ఏ చేప. నాలుగు నిలువు గళ్లు గీసి రాశాను. ఇంకా ఉన్నాయి, గుర్తొస్తే చెబుతానన్నాడు. ఇప్పటికి ఇరవై ఆరు అయ్యాయి. ఒక్కోసారి రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి, హలో అనకుండానే, "రాసుకో" అంటాడు.

ఊరికి వెళ్లే ముందురోజు పరంగిమలై చూపించమన్నాడు. మా ఇంటి నుంచి దగ్గరే. మెట్ల దారిలో ఆగి ఆగి ఎక్కాడు. పైన 1523లో పోర్చుగీసువారు కట్టిన చర్చి ఉంది. నాన్న చెప్పులు విడిచి, చర్చికి దండం పెట్టి, పక్కన బయటపడి ఉన్న బండ దగ్గరికి వెళ్లి చేత్తో రుద్ది చూశాడు. నల్లగా, లోపల కొంచెం నీలంగా మెరిసే రాయి. "ఇది మనవైపు రాయిలా ఉందే" అన్నాడు.

ఆయన పొరపాటు పడలేదు. ఈ పరంగిమలై, పల్లావరం రాతికి చార్నకైట్ అని పేరు. కలకత్తాలో జాబ్ చార్నక్ సమాధి ఇదే రకం రాయితో ఉందని గుర్తించి, 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆయన పేరు పెట్టాడు. మా తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాతి పక్కపక్కనే ఈ చార్నకైట్ కూడా ఉంటుంది. పదకొండేళ్లు ఆ కొండ పక్కన నడిచి ఆఫీసుకు వెళ్లాను. ఒక్కరోజూ రాయి వంక చూడలేదు.

తరువాత నాన్న తూర్పుకు తిరిగాడు. విమానాశ్రయం వెనక్కి పోయింది, ముందు ఇళ్లు, ఇళ్లు, ఇళ్లు, ఆ చివర సన్నగా సముద్రం. ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌసు అగ్గిపుల్లంత కనిపించింది. నాన్న ఒక కన్ను మూశాడు. చేయి చాపి, బొటనవేలు నిలబెట్టి, లైట్‌హౌసు మీదికి తెచ్చి, అలాగే సముద్రంలోకి చూశాడు. అక్కడ ఒక పడవ ఉంది, చుక్కంత.

"ఆ పడవ గీత మీద ఉంది" అన్నాడు. "అందులో ఉన్నవాడు ఇప్పుడు ఇటు చూస్తే లైట్‌హౌసు వెనక మనమే ఉంటాం."

ఆ చుక్క కదిలి గీత దాటేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.